మాటరాని బిడ్డలు – మనస్సును మార్చు మందులు

వైద్యమునందు ఒక సామాన్య ధర్మము కలదు. మందు పుచ్చుకొన్నవారు తమకెట్లున్నదో చెప్పవలెను; ఇచ్చినవారు దానిని విని గ్రహింపవలెను. తలనొప్పి తగ్గినదో లేదో బాధపడువారే చెప్పగలరు గాని ప్రక్కనున్నవారు చెప్పజాలరు. అయితే మందు పుచ్చుకొన్నది మాటరాని పసిబిడ్డ యైనప్పుడు, ఆ మందు దేహమునకు గాక మనస్సునకే తగులునదైనప్పుడు, లోపలి సంగతిని చెప్పువారెవరు?

ఈ ప్రశ్న కేవలము కల్పితము కాదు. 1960వ సంవత్సరము తరువాత అమెరికా దేశమున కొందరు వైద్యులు ఆటిజముగల చిన్నబిడ్డలకు ఎల్.ఎస్.డి. అను తీవ్రమైన మందునిచ్చి చూచిరి. ఆ కథ అరువదేండ్ల నాటిదే. కాని ఆ జాతి మందులు ఇప్పుడు మరల పరిశోధనాలయములలో ప్రవేశించుచున్నవి. వానిని గూర్చిన వార్తలు, సగము నిజమును సగము ఆశయునై, చేతిలోని ఫోను ద్వారా మన ఇండ్లకును చేరుచున్నవి. ఇంటిలో అట్టి బిడ్డ యున్న తల్లికి ‘క్రొత్త మందు’ అను మాట చెవిని బడినచో మనస్సు నిలుచునా? కావున ఈ విషయమును సోదరీమణులు మొదటినుండి తెలిసికొనుట మంచిదని తలచి దీనిని వ్రాయుచున్నాము.

ఆటిజము అననేమి?

ఆటిజము అంటువ్యాధి కాదు; గ్రహదోషము కాదు; పెంపకమునందలి లోపము అంతకన్నను కాదు. అది మెదడు పెరుగు తీరులోనే పుట్టుకతో వచ్చు భేదము. అట్టి బిడ్డలలో కొందరు ఐదారేండ్లు వచ్చినను మాటలాడరు. కొందరు చక్కగ మాటలాడుదురు గాని ఎదుటివాని ముఖము చూచి మనస్సును గ్రహించుట వారికి కష్టము. పిలిచిన పలుకరు; కన్నులలోనికి చూడరు; ఒక బొమ్మబండి చక్రమును గంటలకొలది త్రిప్పుచు కూర్చుందురు. రోజు నడచు దారి మారినను, పళ్లెము మారినను తల్లడిల్లిపోవుదురు. కుక్కరు ఈల, పెండ్లివారి డోలు మనకు సామాన్యమైన చప్పుళ్లు. వారిలో కొందరికవి చెవులలో మేకులు దిగినట్లుండును. వారిలోనే గణితమునందును, సంగీతమునందును, జ్ఞాపకశక్తియందును అసామాన్యులును కలరు. ప్రపంచ ఆరోగ్యసంస్థ వారి అంచనా ప్రకారము 2021లో లోకమునందు 127 మందిలో ఒకరు ఆటిజము గలవారు. అనగా ఇది మనకు దూరపు విషయము కాదు. మన వీథిలోనే యుండదగిన విషయము.

ఈ స్థితిని మొట్టమొదట వివరముగ వర్ణించిన వారిలో బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలోని లియో కానర్ ముఖ్యుడు. ఆయన 1943లో పదునొకండుగురు బిడ్డలను గూర్చి వ్రాసెను. మరుసటి యేట వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అను వైద్యుడును ఇట్టి బాలురను గూర్చియే వ్రాసెను.

అంతవరకు బాగుగనే యున్నది. తరువాత జరిగినది మాత్రము తల్లుల పాలిటి అన్యాయము. తల్లి మనస్సులో వెచ్చదనము లేకపోవుటచేతనే బిడ్డ తనలోనికి ముడుచుకొనిపోయెనని పెద్ద పెద్ద వైద్యులు చెప్పసాగిరి. కానరే 1949లో అట్టి తలిదండ్రులను చల్లని యంత్రములతో పోల్చెను. 1967లో బ్రూనో బెటెల్హైమ్ అను నతడు ఆ మాటనే ఒక పెద్ద గ్రంథముగ వ్రాసి దేశమంతట చాటెను. బిడ్డకు మాట రాలేదను దుఃఖము చాలదన్నట్లు, దానికి కారణము నీవేయను నిందకూడ తల్లి మోయవలసి వచ్చినది. ఆటిజము గల కుమారునికి తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1964లోనే ఈ వాదమును ఖండించి, కారణము దేహమునందే కలదని గ్రంథము వ్రాసెను. 1969లో కానరు తలిదండ్రుల సభకు వచ్చి, మీరు నిర్దోషులని స్వయముగ ప్రకటించెను. 1977లో ఇంగ్లండున సూసన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రటర్ అను వారు కవలపిల్లలను పరీక్షించిరి. ఒకే అండమునుండి పుట్టిన 11 జంటలలో 4 జంటలయందు ఇద్దరికిని ఆటిజము కలదు; వేర్వేరు అండములనుండి పుట్టిన 10 జంటలలో ఒక్క జంటయందును అట్లు లేదు. దీనివలన పుట్టుకయందే మూలము కలదని తేటపడినది.

ఈ తల్లినిందను ఇచ్చట చెప్పుటకు కారణము కలదు. బిడ్డ ఒక గోడ కట్టుకొని దాని వెనుక దాగియున్నాడు అను నమ్మకము ఆ కాలపు వైద్యుల మనస్సులలో బలముగ నుండెను. గోడ యున్నదని నమ్మినవారు దానిని పగులగొట్టుటకు సమ్మెట వెదకుదురు. ఆ వెదకులాటలో వారికి దొరకినదే ఎల్.ఎస్.డి.

బూజునుండి పుట్టిన మందు

ఐరోపాలో రై అను ధాన్యము పండును. తడి సంవత్సరములలో దాని వెన్నులపై ఎర్గట్ అను ఒక జాతి బూజు నల్లని కొమ్ములవలె లేచును. మన రైతులు సజ్జకంకులపై చూచు తేనెబంక తెగులు దీనికి దగ్గరి చుట్టమే. పూర్వము అచ్చటి మంత్రసానులు ఈ బూజును ప్రసవము త్వరపడుటకు వాడెడివారు. తరువాత రసాయన శాస్త్రజ్ఞులు దానినుండి కాన్పు పిమ్మట రక్తస్రావము నాపు మందును వేరుచేసిరి. నేడు మన ఆసుపత్రులలో బాలింతలకు ఇచ్చు మెథర్జిన్ సూది ఈ వంశమునకు చెందినదే. అది ఎందరో తల్లుల ప్రాణములను నిలిపినది.

స్విట్జర్లండు దేశమున బేసెల్ నగరములో సాండోజ్ అను మందుల కంపెనీ కలదు. అందు పనిచేయు ఆల్బర్ట్ హాఫ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు ఈ బూజు పదార్థములతో ప్రయోగములు చేయుచు 1938లో ఎల్.ఎస్.డి.ని తయారుచేసెను. అప్పుడు దాని గుణమెవరికిని తెలియదు. 1943 ఏప్రిలు 16వ తేదీన అది పొరపాటున కొంచెము ఆయన దేహమున ప్రవేశించి విచిత్రమైన స్థితిని కలిగించినది. మూడు దినముల తరువాత, 19వ తేదీన, ఆయన బుద్ధిపూర్వకముగ ఒక మిల్లీగ్రాములో నాలుగవ వంతు పుచ్చుకొనెను. ఇది చిటికెడు ఉప్పులోని ఒక రేణువంత యుండునో లేదో! అంతమాత్రమునకే ఆయన మనస్సు తలక్రిందులైనది. సైకిలుపై ఇల్లు చేరునప్పటికి ఇంటిలోని కుర్చీలు, బల్లలు భయంకరమైన రూపములు దాల్చి కదలసాగెను. విరుగుడుగ పాలు కోరగా, పొరుగింటి యామె తెచ్చి ఇచ్చినది. ఆమెయే రంగురంగుల ముసుగు వేసికొన్న మంత్రగత్తెవలె ఆయనకు కనబడినదట. తనకు మతి చెడినదనియు, చావు దగ్గరపడినదనియు ఆయన తలచెను. కొన్ని గంటలకు భయము తగ్గినది, మరునాటికి తేరుకొనెను.

పాఠకురాండ్రు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. హాఫ్‌మన్ ముప్పదియేడేండ్ల వాడు, పండితుడు, తాను మందు పుచ్చుకొన్నానని ఎరుగును, ఎంత పుచ్చుకొన్నదియు ఎరుగును. అట్టివానికే పొరుగింటి యిల్లాలు మంత్రగత్తెగ కనబడినది. మందనగా నేమో తెలియని యారేండ్ల బిడ్డకు తన తల్లియే అట్లు కనబడినచో, ‘ఇది మందు పని, కొంతసేపటికి పోవును’ అని ఆ బిడ్డకు ఎవరు నచ్చచెప్పగలరు?

ఇట్టి మందులకు 1950 తరువాత సైకెడెలిక్ అను పేరు వచ్చినది. మనస్సును బయలుపరచునవి యని దాని యర్థము. కొన్ని జాతుల పుట్టగొడుగులలో నుండు సైలోసైబిన్ అను పదార్థమును ఈ వర్గములోనిదే.

బిడ్డలపై జరిగిన పరీక్షలు

ఆ దినములలో ఆటిజమును బాల్యమునందు వచ్చు ఒక విధమైన పిచ్చిగ భావించెడివారు. మాటరాని బిడ్డకు ఈ మందిచ్చినచో లోపలి గోడ కూలి మాట వెలువడునేమోయని కొందరు ఆశించిరి. వారు క్రూరులని మేము చెప్పబోము. ఆ బిడ్డలలో పెక్కుమందికి అంతవరకు ఏ వైద్యమును పనిచేయలేదు. నిరాశ చెందిన వైద్యుడును నిరాశ చెందిన తల్లివలెనే ఏ కొమ్మనైనను పట్టుకొనును.

న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ భాగమున ఇట్టి పిల్లల కొరకు లీగ్ స్కూలు అను ఒక పాఠశాల కలదు. అచ్చటి పన్నిద్దరు పిల్లలకు ఫ్రీడ్‌మన్ మొదలగు వైద్యులు ఎల్.ఎస్.డి. నిచ్చి 1962లో ఫలితములను ప్రకటించిరి. పిల్లల ముఖములు ఎర్రబారెను, కనుపాపలు విప్పారెను. ఒక క్షణమున ఉల్లాసము, మరుక్షణమున విచారము కనబడెను. కాని ఎవరి కొరకు ఈ ప్రయత్నమంతయు జరిగెనో ఆ మాటరాని పిల్లలకు మాట రాలేదు. వైద్యులు ఈ సంగతిని దాచక వ్రాసిరి. అది మెచ్చదగిన విషయము.

అదే న్యూయార్కులో క్రీడ్‌మోర్ అను ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. అందు పిల్లల విభాగమునకు పెద్ద లారెట్టా బెండర్ అను వైద్యురాలు. ఆమె జీవితము వింతయైనది. 1897లో జన్మించిన ఆమె బాల్యమున అక్షరములను తారుమారుగ వ్రాయుటచేత మందమతి యనిపించుకొని ఒకటవ తరగతినే మూడుసార్లు చదువవలసి వచ్చినది. అట్టి బాలిక పెరిగి పెద్ద వైద్యురాలై, 1938లో ఆమె రచించిన బొమ్మల పరీక్షను లోకమంతట మనశ్శాస్త్రజ్ఞులు వాడుకొనునంతటి కీర్తి గడించెను. ఆడువారు వైద్యవిద్యలో అరుదుగ నున్న కాలమున ఇది సామాన్యమైన ఘనత కాదు. కాని ఈమెయే నూరుగురు పిల్లలకు విద్యుత్తు ఘాతముల చికిత్స చేసి 1947లో ఆ వృత్తాంతమును ప్రకటించినది. 1961 మొదలు ఎల్.ఎస్.డి.ని పిల్లలకు ఇయ్యసాగినది. బ్రూక్లిన్ వైద్యులు ఒకటి రెండు పర్యాయములే ఇయ్యగా, ఈమె దినదినమును, వారములు నెలలు తరబడి ఇచ్చినది. పిల్లలు మునుపటికన్న చురుకుగ నున్నారనియు, చుట్టునున్నవారిని గమనించుచున్నారనియు ఆమె వ్రాసినది. ఆమెతో కలసి ఈ వ్యాసములను వ్రాసిన వారిలో డి. వి. శివశంకర్ అను జీవరసాయన శాస్త్రజ్ఞుడును కలడు; ఆ పేరు మన పాఠకురాండ్రకు ఇరుగుపొరుగు పేరువలెనే తోచును. ఆయన 1975లో ఎల్.ఎస్.డి.ని గూర్చి ఒక బృహద్గ్రంథమును ప్రకటించెను.

తాను చిన్ననాట మందమతియని తప్పుగ తలపబడినది బెండర్. బయటివారి తూనికకు లోపలి బుద్ధి అందదని ఆమెకన్న బాగుగ నెరిగినవారెవరు? ఐనను తన చేతిలోని పిల్లల విషయమున బయటి తూనికతోడనే తృప్తిపడవలసి వచ్చినది. పిల్లవాడు నవ్వెనా, చూచెనా, ఆడెనా అనునవియే లెక్కకు వచ్చినవి.

పడమటి తీరమున లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయములో 1966లో ప్రకటింపబడిన పరీక్షయు ఇట్టిదే. నాలుగేండ్ల కవల బాలురిద్దరకు ఆ మందిచ్చి సిమన్స్, లోవాస్ మొదలగువారు జాగ్రత్తగ లెక్కలు వేసిరి. మందు పనిచేయునంతసేపు ఆ బాలురు పెద్దల ముఖములవైపు హెచ్చుగ చూచిరి, హెచ్చుగ నవ్విరి, చేతులు ఊపుకొనుట వంటి పనులు తగ్గెను. మందు దిగగానే ఆ మార్పులును దిగిపోయెను. నవ్వుట కనబడినది, ఆ నవ్వు ఆనందముచేత వచ్చినదో, కలవరముచేత వచ్చినదో కనబడలేదు. నాలుగేండ్ల బాలుని నవ్వును లెక్కింపవచ్చును గాని, దాని లోపలి కారణమును లెక్కింపలేము.

చూచుటకును ఋజువునకును గల భేదము

1969లో మోగర్, ఆల్డ్రిచ్ అను వారు అంతవరకు జరిగిన ఏడు పరిశోధనలను, 91 మంది పిల్లల వృత్తాంతములను ఒకచోట చేర్చి, ఫలితములు ఆశాజనకముగ నున్నవని వ్రాసిరి. కాని 2007లో సిగాఫూస్ మొదలగువారు ఆ పాత వ్యాసములనే మరల తరచి చూచి, అవి శాస్త్రీయమైన ఋజువునకు చాలవనియు, ఆ మందువలన చికిత్సా ప్రయోజనము కలదని చెప్పుటకు వీలులేదనియు తేల్చిరి. ఒకే వ్యాసములనుండి రెండు తీర్పులెట్లు వచ్చినవి?

దీనికి వేరొక యుదాహరణము చెప్పుదుము. 1998లో సెక్రెటిన్ అను జీర్ణాశయ సంబంధమైన మందు పుచ్చుకొన్న ముగ్గురు ఆటిజము పిల్లలు బాగుపడిరని ఒక వార్త వెలువడినది. అమెరికాలో తలిదండ్రులు ఎంత ధనమైనను పోసి ఆ మందుకొరకు పరుగులెత్తిరి. 1999లో 60 మంది పిల్లలను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు ఆ మందును, వేరొక భాగమునకు కేవలము ఉప్పునీటిని సూదిద్వారా ఎక్కించిరి. ఎవరికేది యిచ్చినది తలిదండ్రులకు తెలియనీయలేదు. రెండు భాగములలోను పిల్లలు ఒకే విధముగ బాగుపడినట్లు కనబడినది! ఉప్పునీరు ఆటిజమును మార్చదు గదా. మారినది చూచువారి కన్ను. ఆశతో చూచు తల్లికి బిడ్డ ఒక్కసారి తలయెత్తినను అది పున్నమియే. ఇది తల్లుల తప్పు కాదు; ప్రేమ స్వభావమే అట్టిది. అందుచేతనే మందుతోబాటు ఉత్తుత్తి మందునుగూడ ఇచ్చి పోల్చిచూచుట యను పద్ధతి యేర్పడినది. ఆ పాత ఎల్.ఎస్.డి. పరీక్షలలో పెక్కింటికి ఈ పోలిక లేదు. ఏ పిల్లవాడు మందువలన మారెనో, ఏ పిల్లవాడు వయస్సువలన మారెనో, ఏ పిల్లవాడు అసలు మారనే లేదో చెప్పుట కష్టము.

ఇంతలో ఆ మందు వైద్యశాల గోడలు దాటి వీథులలో వ్యాపించినది. 1965లో సాండోజ్ కంపెనీ దాని సరఫరాను నిలిపివేసెను. 1970 నాటి అమెరికా చట్టము దానిని మిక్కిలి కఠినమైన నిషేధపు పట్టికలో చేర్చినది. 1971లో అంతర్జాతీయ ఒడంబడికయు జరిగినది. పిల్లలపై పరీక్షలు ముగిసినవి. ఆ బిడ్డల కథ కాగితములలో మిగిలినది.

ఇటీవలి పరిశోధనలు

మరల ఇప్పుడు ఈ మందులను గూర్చి శాస్త్రజ్ఞులు తలచుటకు కారణములు లేకపోలేదు. మన దేహమున సెరోటొనిన్ అను ఒక రసాయనము కలదు. నిద్ర, ఆకలి, మనస్సు యొక్క ఉల్లాసము మొదలగువానిలో దానికి పాత్ర కలదు. ఆటిజము గలవారిలో కొందరి రక్తమున ఇది హెచ్చుగ నుండుట 1961లోనే కనిపెట్టిరి. సైకెడెలిక్ మందులు మెదడులో సెరోటొనిన్ పట్టుకొను కొక్కెములకే తగులుకొని పనిచేయును. కావున లండను నగరములోని కింగ్స్ కాలేజీలో పెద్దవారగు ఆటిజము గలవారికిని, ఆటిజము లేనివారికిని కొద్ది మోతాదు సైలోసైబిన్ ఇచ్చి ఉభయుల మెదడు ఎట్లు స్పందించునో పోల్చిచూచు పరిశోధన చేపట్టిరి. ఇది చికిత్స కాదు, తెలిసికొనుటకు మాత్రమే.

చికిత్స విషయమున చెప్పుకొనదగినది కాలిఫోర్నియాలో అలీషియా డాన్‌ఫర్త్, చార్లెస్ గ్రోబ్ మొదలగువారు చేసి 2018లో ప్రకటించిన పరీక్ష. ఇందు వాడినది ఎం.డి.ఎం.ఎ. అను మందు. ఇది ఎల్.ఎస్.డి.కి దూరపు చుట్టము. భ్రమలను కల్పించుట తక్కువ, బెరుకును పోగొట్టుట యెక్కువ. నలుగురిలోనికి పోవుటకు తీవ్రముగ భయపడు 12 మంది ఆటిజము గల పెద్దలు ఇందు పాల్గొనిరి. వారిలో 8 మందికి మందును, 4 మందికి ఉత్తుత్తి మందును నెలరోజుల యెడముతో రెండు పర్యాయములు ఇచ్చిరి. మందుకు ముందును, పిదపను ఎన్నో గంటలు మాటలాడి వారిని సిద్ధపరచిరి. ఆ పిదప భయమును కొలుచు పట్టికలో మందు పుచ్చుకొన్నవారికి సగటున 44 అంకెలు, పుచ్చుకొననివారికి 19 అంకెలు తగ్గెను. కొందరికి ఆందోళన, తలనొప్పి, అలసట కలిగెను.

ఈ పరీక్షలో మూడు సంగతులను గమనింపవలెను. మొదటిది: పాల్గొన్నవారందరును పెద్దవారు, విని, చదివి, ఆలోచించి, తామే ఒప్పుకొన్నవారు. రెండవది: వారు ఆటిజమును పోగొట్టుటకు రాలేదు, తమను బాధించు భయము తగ్గుటకు వచ్చిరి. మూడవది: ఎట్లున్నదని వారినే యడిగిరి. అరువదేండ్ల క్రిందటి గదికిని ఈ గదికిని గల భేదమంతయు ఇందే కలదు. అయితే ఇల్లలుకగానే పండుగ కాదు. పన్నిద్దరిపై జరిగిన పరీక్ష ఒక ఆరంభము మాత్రమే. ఇదే ఎం.డి.ఎం.ఎ.ను ఘోరమైన ఆపదలవలన మనస్సు గాయపడిన పెద్దలకు మందుగ అనుమతింపుడని కోరగా, అమెరికా మందుల శాఖవారు 2024 ఆగస్టులో ఆ కోరికను త్రోసిపుచ్చి, ఋజువులు ఇంకను కావలెననిరి. పెద్దలకే ఇట్లుండగా పిల్లల మాట చెప్పనేల?

అమెరికా, ఇంగ్లండు దేశములలో ఆటిజము గల కొందరు పెద్దలు ఈ మందులు పుచ్చుకొని తమకు ఇతరుల మనస్సు తేటపడినదని గ్రంథములు వ్రాసిరి. వారి మాటను మేము కాదనము. తమ అనుభవమును తామే చెప్పుకొన్నారు గనుక దానికి విలువ కలదు. కాని మేలు కలిగినవాడు గ్రంథము వ్రాయును. కీడు కలిగినవాడు ఊరకుండును. ఒకరి యనుభవము వేరొకరికి వైద్యము కాజాలదు.

మన ఇండ్లలో గమనింపవలసినవి

ఈ మందులలో ఏదియు ఆటిజమునకు చికిత్సయని ఋజువు కాలేదు. పిల్లల విషయమున అసలు తావే లేదు. పైగా అపాయములు పెక్కు కలవు. ఎం.డి.ఎం.ఎ. గుండె వేగమును, రక్తపు పోటును, దేహపు వేడిమిని హెచ్చించును. ఆటిజము గలవారిలో మూర్ఛవ్యాధి ఇతరులకన్న హెచ్చు; మనస్సునకు సంబంధించిన ఇతర మందులను నిత్యము పుచ్చుకొనువారును అందు కలరు. అట్టి మందులతో ఇవి కలసినచో విషమించవచ్చును. ముఖ్యముగ లిథియముతో కలసినప్పుడు మూర్ఛలు వచ్చిన సంగతులు వైద్యులకు తెలిసినవే. కుక్కరు ఈలకే చెవులు మూసికొను బిడ్డకు, రంగులను చప్పుళ్లను పదింతలు చేయు మందు ఏమి చేయునో తల్లులే ఊహింపగలరు.

మన దేశపు చట్టమును కఠినమైనది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము ఎల్.ఎస్.డి., ఎం.డి.ఎం.ఎ., సైలోసైబిన్ మూడును నిషిద్ధములు. ఎల్.ఎస్.డి. ఒక గ్రాములో పదవ వంతు మించి దొరకినచో, పదేండ్లకు తక్కువ గాని కఠిన శిక్షయు, లక్ష రూపాయలకు తక్కువ గాని జరిమానాయు కలవు. ‘బిడ్డకు మందుకై తెచ్చితిని’ అను మాట న్యాయస్థానమున చెల్లదు.

కావున ఎవరైనను, డిగ్రీలు గలవారైనను, బంధువులైనను, మన బిడ్డకు ఒక క్రొత్త మందు చెప్పినప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుడు. దీనిని ఎందరు బిడ్డలకిచ్చి చూచిరి? ఉత్తుత్తి మందుతో పోల్చి చూచిరా? కీడు కలిగినవారి లెక్క యేది? నా బిడ్డకు ఇబ్బంది కలిగినచో, మాటరాని ఆ బిడ్డ దానిని ఎట్లు తెలుపును? మొదటి మూడింటికి బదులు చెప్పువారు దొరకినను, నాలుగవదానికి బదులు లేనిచో ఆ మందును ముట్టకుడు.

మందు లేదన్నంతమాత్రమున మార్గము లేదని కాదు. ఆటిజము గల బిడ్డకు చిన్ననాటినుండియే మాట నేర్పువారి సాయము, చేతిపనులు నేర్పువారి సాయము ఎంతయో మేలు చేయును. మాట రాని బిడ్డకు బొమ్మల పలకలతో, చేసైగలతో, ఫోనులోని పరికరములతో తన కోరికను తెలుపు విద్య నేర్పవచ్చును. సికింద్రాబాదు మనోవికాస్ నగరములో 1984లో స్థాపింపబడిన కేంద్రప్రభుత్వ సంస్థ మేధావికాసము మందగించిన పిల్లలకును, వారి తలిదండ్రులకును తోడ్పడుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజము చేరియున్నది. ధ్రువపత్రము పొందినవారికి విద్యయందును ఇతర విషయములందును సదుపాయములు కలవు. వీనిని తెలిసికొనుటకు సిగ్గుపడ నక్కరలేదు. తల్లినిందను ఆ వైద్యుడే 1969లో వెనుకకు దీసికొనెను. మన అత్తవారిండ్లలో మాత్రము దానిని ఇంకను మోయనేల? కోడలు గర్భవతిగ నున్నప్పుడు ఏమి తిన్నదో, ఏమి చూచినదో యని విచారణ చేయు పెద్దలు ఆ విచారణను మాని, ఆ పిల్లవానిని ఒక గంటసేపు తాము చూచుకొని, ఆ తల్లిని నిదురపోనిచ్చినచో అదియే ఆ యింటికి మొదటి మందు.

అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెత మనకు కలదు. అడుగ నోరులేని బిడ్డను గన్న తల్లి మాత్రము ఆ సామెతను త్రోసిపుచ్చవలసినదే. ఆమె అడుగకయే చూడవలెను, చెప్పకయే వినవలెను. మూతి త్రిప్పినప్పుడు, చెవులు మూసికొన్నప్పుడు, చేయి పట్టి తలుపు దగ్గరకు లాగినప్పుడు ఆ బిడ్డ మాటలాడుచునే యున్నాడు. వైద్యుల కాగితములలో ఆ మాటకు తావు దొరకుటకు అరువదేండ్లు పట్టినది. ఇంటిలో దానికి తావు దొరకుటకు ఒక్క దినమైనను పట్టనక్కరలేదు.